వెలుగును కొలుచు చేయి

నేడు ఛాయాచిత్రము తీయుట శ్రమలేని పని. పొలమునకు పోవు రైతు జేబులోను, బోధను బస్సులో కూర్చున్న విద్యార్థి చేతిలోను కెమెరా గల ఫోను ఉన్నది. వ్రేలితో తాకిన చాలును, చిత్రము సిద్ధమగును. వెలుగెంత, దూరమెంత, క్షణములో నెన్నవ వంతు అను లెక్కలన్నిటిని యంత్రమే చూచుకొనును. ఈ సౌకర్యమును చూచి కొందరు, "ఇక మనుష్యుడు తెలిసికొనవలసినది ఏమున్నది?" అందురు. మరికొందరు పెద్దలు, "పాత కెమెరాయే కెమెరా, క్రొత్తది ఆటబొమ్మ" అని పెదవి విరుతురు. నేను రెండు విధముల యంత్రములను చేతబట్టినవాడను. ఈ రెండు మాటలలో ఏదియు నాకు సమ్మతము కాదు. నా అభిప్రాయము వేరు. దానిని నాకు నేర్పినది నేను చేసిన ఒక తప్పిదము. ఆ తప్పిదమును చెప్పుటకు ముందు పాత కెమెరా పనిచేయు తీరు మీకు తెలియవలెను.

మన జిల్లా బిడ్డలకు దీనిని బోధించుట సులభము. మంజీరానదిపై 1923లో ప్రారంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువలను మీరు చూచియుందురు. ఆ నీటి బలమున్నదనియే బోధను చుట్టుప్రక్కల చెరకు పెరిగెను. చెరకు పెరిగినది కనుకనే 1937లో అక్కడ చక్కెర కర్మాగారము వెలసెను. కాలువనుండి మడికి నీరు పెట్టు రైతు రెండు సంగతులను గమనించును: తూము ఎంత తెరువవలెను? ఎంతసేపు తెరిచి యుంచవలెను? తూమును సగము మూసినచో రెండింతల సేపు పారనీయవలెను. రెండింతలు తెరిచినచో సగము సేపు చాలును. ఏ విధముగ చేసినను మడికి చేరు నీరు ఒక్కటే. ఇవిగాక మూడవ సంగతి యొకటి కలదు. అది నేల దాహము. ఒక నేల కొద్ది నీటికే తడియును. మరియొక నేలకు అధికముగా కావలెను.

కెమెరాలో వెలుగే నీరు. లెన్సు అనబడు కటకములోపల రేకులతో చేసిన తూము వంటి ద్వారమొకటి యుండును. దాని వెడల్పును ఒక వలయమును త్రిప్పి మార్చవచ్చును. ఆ వలయముపై 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అను అంకెలు చెక్కబడి యుండును. ఈ అంకెలు విద్యార్థులకు వింతగా తోచును. వాని రహస్యమిది: 50 మిల్లీమీటర్ల నాభ్యంతరము గల కటకమును 2 వద్ద ఉంచినచో ద్వారపు వెడల్పు ఏబదిలో సగము, అనగా 25 మిల్లీమీటర్లు. 4 వద్ద ఉంచినచో పండ్రెండున్నర మిల్లీమీటర్లు. కావున అంకె పెరిగినకొలది ద్వారము చిన్నదగును. ఒక అంకెనుండి తరువాతి అంకెకు పోయినప్పుడు ద్వారపు వైశాల్యము సగమగును; వెలుగును సగమగును.

ఇక తూము తెరిచియుంచు కాలమును నిర్ణయించునది షట్టరు. దాని చక్రముపై 30, 60, 125, 250, 500 అని యుండును. 125 అనగా క్షణములో నూట ఇరువదియైదవ వంతు. ఇచ్చటను ఒక్కొక్క మెట్టునకు వెలుగు సగమగును. నేల దాహమునకు సరియైనది ఫిల్ము యొక్క వేగము. దానిని 100, 400 అను అంకెలతో తెలుపుదురు. ఫిల్ము వేగము 100 అయినప్పుడు, ఎండ నిండుగా కాయు దినమున ద్వారమును 16 వద్దను, షట్టరును 125 వద్దను ఉంచుమని పూర్వపు చిత్రకారులు కంఠస్థము చేసిరి. మబ్బు పట్టినచో రెండు మూడు మెట్లు తెరువవలెను. వెలుగును కొలుచు మీటరు లేని పేద చిత్రకారునకు ఈ యొక్క సూత్రమే మీటరు.

తూమునకు లేని గుణమొకటి కటకద్వారమునకు గలదు. ద్వారము చిన్నదైనకొలది దగ్గరి వస్తువును దూరపు వస్తువును ఏకకాలమున స్పష్టముగా కనిపించును. ద్వారము పెద్దదైనచో ఒక్క ముఖము మాత్రమే స్పష్టముగా నిలిచి, వెనుకటి గోడయు చెట్టును మసకబారును. కావున తూమును ఎంత తెరువవలెనను ప్రశ్న వెలుగును గూర్చిన లెక్క మాత్రమే కాదు. దేనిని చూపవలెను, దేనిని మరుగుపరుపవలెను అను వివేకము కూడ అందులో నున్నది.

ఈ వివేకము మన గడ్డపై క్రొత్తది కాదు. లాలా దీనదయాళ్ గారు 1844లో ఉత్తరదేశమందలి సర్ధనాలో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు విద్య నేర్చి, ఇందూరు నగరమున ప్రభుత్వోద్యోగము చేయుచు 1874 ప్రాంతమున ఛాయాచిత్రములు తీయ నారంభించెను. ఈ ఇందూరు మధ్యభారతములోనిది. మన నిజామాబాదునకు పూర్వనామమైన ఇందూరు వేరు. పిమ్మట ఆయన సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో ఆస్థాన చిత్రకారుడై, ముసవ్విర్ జంగ్ అను బిరుదమును పొందెను. ఆ కాలపు యంత్రము ఒక పెద్ద కొయ్యపెట్టె. దానిలో గాజుపలక నమర్చి, కటకముపై మూతను చేతితో తీసి, క్షణములను లెక్కించి, మరల చేతితో మూయుట ఆనాటి చిత్రకారుల వాడుక. ఒక గాజుపలకపై ఒక్కటే చిత్రము. తప్పినచో తిరిగి మరియొక పలక. అట్టి యంత్రముతో ఆయన తీసిన కోటలు, దర్బారులు, మనుష్యుల ముఖములు నేటికిని చెక్కుచెదరక నిలిచినవి.

అటుపిమ్మట యంత్రము చిన్నదగుచు వచ్చెను. 1888లో అమెరికా దేశీయుడగు ఈస్ట్‌మన్ నూరు చిత్రములకు సరిపడు ఫిల్ముచుట్టతో కొడాక్ అను చిన్న పెట్టెను అమ్మజూపెను. కొన్నవారు మీట నొక్కుటయే. కడిగి అచ్చువేయు పని సంస్థదే. 1925లో జర్మనీయందు ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా కెమెరా, చలనచిత్రపు ఫిల్మునే వాడుచు, చేతిలో నిముడునట్టి యంత్రమును లోకమునకిచ్చెను. మన తెలుగువారు మరువరాని 'మాయాబజార్' చిత్రము 1957లో వెలువడినది. అందలి వెన్నెల దృశ్యములకు కెమెరా పట్టినవాడు మార్కస్ బార్ట్‌లీ. వెన్నెలలో ఎంత చీకటి యుండవలెనో, ఆ చీకటిలో ముఖము ఎంత కనబడవలెనో ఆయన ముందుగనే మనస్సులో చూచెను. తీసినది తెరపై వెంటనే చూచుకొను వసతి ఆనాడు లేదు. ఫిల్ము కడిగిన పిదపనే ఫలితము తెలియును.

1977లో జపానుదేశపు కొనికా సంస్థ తనంతతానే దూరమును సరిచూచుకొను చిన్న కెమెరాను తెచ్చెను. 1985లో వచ్చిన మినోల్టా 7000 అను కెమెరాలో షట్టరు చక్రము పోయి మీటలు వచ్చెను. 1987లో కెనాన్ సంస్థ తన క్రొత్త కటకములనుండి ద్వారపు వలయమునే తొలగించెను. ద్వారమును కెమెరా విద్యుత్తు ద్వారా నడుపసాగెను. ఫిల్ము కూడ క్రమముగా తొలగి, దాని స్థానమున వెలుగును విద్యుత్తుగా మార్చు పలక వచ్చెను. ఇట్లు ఒక్కొక్క అంకె, ఒక్కొక్క వలయము మన వ్రేళ్లక్రిందనుండి జారి యంత్రగర్భములోనికి పోయినవి.

ఈ మార్పును నేను నిందింపను. నిందించినచో కృతఘ్నుడ నగుదును. 1986లో నేను బోధనుకు సమీపమున ఒక గ్రామపు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడుగా చేరితిని. రెండవ సంవత్సరమున నా జీతములో మిగిల్చిన పైకముతో నిజామాబాదులో ఒక స్టూడియోవారి వద్ద యాషికా సంస్థవారి రెండు కటకముల కెమెరాను పాతదానిని కొంటిని. దానిని రొమ్మువద్ద పట్టుకొని, తలవంచి పైనున్న గాజుపలకలో దృశ్యమును చూడవలెను. ఒక ఫిల్ముచుట్టకు పండ్రెండు చిత్రములు. ఆ పండ్రెండింటిలో నాలుగైదు చెడిపోయిన దినములు నాకు చాల గలవు. ఒకప్పుడు చేయి వణికెను. ఒకప్పుడు దూరమును తప్పుగా ఎంచితిని. చెడిన సంగతి పట్నమునకు పోయి కడిగించిన పిదపగాని తెలియదు. నేటి యంత్రము వణకు చేతిని నిలుపును. పరుగెత్తు బాలుని కన్నును వెంటాడి పట్టును. ఫిల్ము కొనలేని కూలివాని ఇంటగూడ బిడ్డల చిత్రములున్నవి. అరువది దాటి, కన్ను మందగించిన నావంటివానికి ఇది చిన్న ఉపకారము కాదు.

ఐనను ఆ పాత యంత్రమునుండి నేను నేర్చినదొకటి కలదు. కొన్న దినముననే ఒక చిత్రమునకై స్టూడియో యజమానిని అడిగితిని. సున్నము కొట్టిన గోడముందు ఒక మనిషిని నిలిపి, మీటరును గోడవైపు చూపి అంకెలు చదువుచుంటిని. ఆ పెద్దాయన నవ్వి, "సారూ, మీరు గోడను చూస్తున్నరు. ఫొటో గోడకు గాదు, మొఖానికి. వెలుగు మొఖంల చూడుండ్రి" అనెను. పిమ్మట మీటరును ఆ మనిషి చెంపవద్దకు తీసికొనిపోయి చూపెను. అంకె మారెను. ద్వారమును రెండు మెట్లు తెరిచితిని. కారణమిది: మీటరునకు ముఖమని, గోడయని తెలియదు. తన ముందున్నదెల్ల నడిమి బూడిదవన్నెగా నుండునని తలచి అది లెక్క చెప్పును. తెల్లని గోడను చూపినచో దానిని బూడిదవన్నెకు తెచ్చుటకై వెలుగును తగ్గింపు మనును. అప్పుడు గోడముందున్న నల్లని ముఖము మరింత నల్లబడును. ఆ పెద్దాయన మాట నేను ఇరువది సంవత్సరములకు పైగా తప్పలేదు.

ఇక నా తప్పిదమును చెప్పెదను. 2014వ సంవత్సరము జనవరి 26వ తేదీ. మా పాఠశాలలో జెండా ఎగురవేసితిమి. ఎనిమిదవ తరగతి చదువు ఒక బాలిక వక్తృత్వ పోటీలో మొదటి బహుమతి పొందెను. ఆమె తండ్రి చెరకు పండించువాడు. అది చెరకు నరుకు కాలము. ఐనను పని మానుకొని, తెల్లని ధోవతి, తెల్లని అంగీ, తెల్లని రుమాలు ధరించి వచ్చెను. కూతురి చేతిలోని బహుమతిని తానే పట్టుకొని, "ఒక ఫొటో తీయుండ్రి సారూ" అనెను. అప్పటికి నేను క్రొత్త కెమెరాను కొనియుంటిని. సున్నపు గోడముందు వారిరువురిని నిలిపి, యంత్రమును 'ఆటో' అను గుర్తువద్ద ఉంచి మీట నొక్కితిని. ఎండలో తెర సరిగా కనబడలేదు. కనబడకున్నను నేను సందేహింపలేదు. యంత్రము చూచుకొనునను ధీమా నాకుండెను.

మరుసటి సంవత్సరము వానకాలమున ఆ రైతు జ్వరముతో మరణించెను. పది దినముల పిదప ఆ బాలిక తల్లితో కూడ మా ఇంటికి వచ్చెను. తండ్రి చిత్రమును పెద్దదిగా చేయించి ఇంట పెట్టుకొనవలెనని వారి కోరిక. గుర్తింపు కార్డుపై నున్న చిన్న బొమ్మ తప్ప ఆయన చిత్రము మరియొకటి వారికి లేదు. నేను కంప్యూటరు తెరపై ఆ చిత్రమును తెరిచితిని. గోడ చక్కగా వచ్చినది. ధోవతి మడతలు లెక్కపెట్టవచ్చును. రుమాలు నీడలో ముఖము మాత్రము నల్లని మరక వలె నుండెను. బాలిక తెరకు దగ్గరగా వంగి చూచి, "సార్, మా నాయిన కండ్లు కనవడ్తలేవు" అనెను.

నిజామాబాదు పోయి ఒక స్టూడియోలోని యువకునిచేత ఆ చిత్రమును సవరింపజేసితిని. అతడు నేర్పరి. నీడను ఎత్తి, ముఖమును కొంత బయటికి తెచ్చెను. ముక్కు, మీసము, గడ్డము తెలిసినవి. కన్నులు మాత్రము రాలేదు. ఆ చోట బూడిద చల్లినట్లు చుక్కలు మాత్రమే కనబడెను. నమోదు కాని వెలుగును ఏ కంప్యూటరును పుట్టింపజాలదు. ఆ చిత్రమునే పటము కట్టించి వారికిచ్చితిని. వారు కృతజ్ఞతతోనే తీసికొనిరి. వారి కృతజ్ఞత నాకు భారమైనది.

ఆ యంత్రము అబద్ధమాడలేదు. అది తనకు నేర్పినట్లే తెల్లని గోడను కొలిచెను. ముఖమునకు వెలుగు పెంచు మీట దానిలోను కలదు. కాని అది తెరలో మూడు పుటల లోపల దాగియున్నది. దాని నెరిగియు నేను వెదకలేదు. పాత కెమెరాలో ఈ తప్పు జరుగుట కష్టము. ద్వారపు అంకె, షట్టరు అంకె రెండును తలవంచిన కన్నులకు ఎదుటనే యుండును. ఆ అంకెలను నేను పెట్టకున్నచో చిత్రమే లేదు. పెట్టునప్పుడు, "వెలుగు ఎక్కడ చూడవలెను?" అని తలచక తప్పదు. నా యంత్రము మెరుగుపడినది. నా అలవాటు చెడినది. ఇదియే నేను చెప్పదలచిన విషయపు మొదటి భాగము: యంత్రము పనిని తీసికొనినప్పుడు ఆ పనితో కూడ మన ఆలోచనను గూడ తీసికొనిపోవునేమో అని జాగ్రత్త పడవలెను.

రెండవ భాగము యంత్రములను చేయువారిని గూర్చినది. పాత కటకముపై ద్వారపు అంకెలే గాక దూరపు అంకెలు గూడ చెక్కబడి యుండెడివి. వాని ప్రక్కన మరికొన్ని గీతలుండెడివి. 50 మిల్లీమీటర్ల కటకమును 16 అంకెవద్ద నుంచి, దూరమును 5 మీటర్లకు త్రిప్పినచో, సుమారు రెండున్నర మీటర్లనుండి కనుచూపు మేరవరకు అంతయు స్పష్టముగా వచ్చునని ఆ గీతలు చెప్పెడివి. బతుకమ్మ చుట్టు తిరుగు బాలికలను తీయునప్పుడు ఒక్కమారు ఇట్లు సరిచేసికొనినచో మరల ఫోకసు మాట తలపెట్ట నక్కరలేదు. కన్నును ఆటపై నిలిపి మీట నొక్కవచ్చును. నేటి కటకములలో పెక్కింటిపై ఈ గీతలు లేవు. వలయమును త్రిప్పినచో అది అంతము లేక తిరుగుచుండును; అనంతదూరము వద్ద ఆగదు. ఆ వలయము కటకమును స్వయముగా కదల్పదు. లోపలి మోటారునకు వార్త మాత్రము పంపును.

ఇట్లు చేయుటకు కారణములు లేకపోలేదు. మోటారు త్వరగా కదలవలెనన్న లోపలి గాజు తేలికగా నుండవలెను. వెలుపలి వలయములు తగ్గినకొలది దుమ్మును తేమయు చొచ్చుటకు త్రోవలు తగ్గును. నేటి కటకములు అంచులవరకు స్పష్టముగా చూపుటలో పాతవానిని మించినవి. ఇవన్నియు సత్యములే. కాని గీతలు చెక్కుటకు అగు వ్యయమెంత? కొనువానికి తెలియవలసిన దానిని యంత్రము మీదనే వ్రాసియుంచుట పాతకాలపు మర్యాద. దానిని తెరలోని పుటలలో దాచుట సౌకర్యమనిపించుకొనదు.

మీ ప్రాంతమునుండియే ఒక దృష్టాంతము చెప్పెదను. బెల్లము వండువాడు కాగుచున్న చెరకు రసములోనుండి ఒక చుక్కను చన్నీటిలో వేసి, వ్రేళ్లనడుమ నలిపి, పాకమును తెలిసికొనును. చక్కెర కర్మాగారములో ఈ పని మూసిన పెద్ద పాత్రలో జరుగును. దానిలో గాలిని తీసివేయుదురు. అందుచేత రసము తక్కువ వేడికే మరుగును, చక్కెర మాడదు. లోపలి వేడిని, పీడనమును తెలుపు ముళ్లు ప్రక్కన నుండును. ఇంత యంత్రమైనను ఆ పాత్రకు ఒక గాజు కిటికీ నుంచిరి. అంతేకాదు, లోపలి పాకమును కొంచెము బయటికి తీయుటకు ఒక గొట్టము నమర్చిరి. పనివాడు దానిని గాజుముక్కపై పూసి, వెలుగునకెత్తి, పలుకు కట్టినదా లేదా అని చూచును. ముల్లు చెప్పినది అతడు నమ్మును, కంటితోను చూచును. బోధను కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. కాని ఆ కిటికీ నేర్పు పాఠము మూతపడలేదు: మంచి యంత్రము మనుష్యుని శ్రమను తగ్గించును, కాని వాని చూపునకు ఒక కిటికీ నుంచును.

కెమెరాలకును అట్టి కిటికీ కావలెననునదియే నా వాదము. దూరమును యంత్రము చూచుకొనుగాక. చేతి వణకును నిలుపుగాక. కాని వెలుగును పెంచు మీట, ద్వారపు అంకె, షట్టరు అంకె ఈ మూడును వ్రేళ్లకు తగులునట్లు వెలుపల నుండవలెను. యంత్రము తానుగా అంకెను ఎన్నుకొనినను, ఏ అంకె నెన్నుకొనినదో మన కన్నులకు చూపవలెను. ఇది అసాధ్యము కాదు. 2011లో అమ్మకమునకు వచ్చిన ఫ్యూజీ ఎక్స్100 కెమెరాకు షట్టరు చక్రమును, కటకముపై ద్వారపు వలయమును తిరిగి వచ్చినవి. దూరమును మాత్రము అది తానే చూచుకొనును. నికాన్ సంస్థ 2013లోను, మరల 2023లోను చక్రములు గల కెమెరాలను వెలువరించెను. ఇవి చూడ ముచ్చటగా నున్నవి. అయితే కొందరు వీనిని పాతకాలపు సొగసునకై కొనుచున్నారు. చక్రము సొగసునకు కాదు, చేతికి. దానిని త్రిప్పని వాని కెమెరాకు అది నగ మాత్రమే.

"పంతులుగారు తన యౌవనమును తలచుకొని పాతదానిని పొగడుచున్నారు" అని మీలో ఎవరైన ననవచ్చును. నేను పాత కెమెరాను తిరిగి పట్టుమని మీకు చెప్పుటలేదు. ఫిల్మునకు చాల వ్యయమగును. దానిని కడుగు స్టూడియోలును మన పట్టణములలో అరుదైనవి. కూడికలు నేర్చిన పిదప లెక్కయంత్రమును వాడుటలో తప్పు లేదు. కూడికలు రానివానికి మాత్రము, అంకెను తప్పుగా నొక్కినచో వచ్చిన సమాధానము తప్పని తెలియు మార్గము లేదు. కెమెరా విషయమును అంతియే. వెలుగును ఒక్కమారైనను స్వయముగా కొలిచినవాడు యంత్రము చేసిన తప్పును పట్టుకొనగలడు.

దీనికి మీకు క్రొత్త వస్తువేదియు కొననక్కరలేదు. మీ ఇంటనున్న ఫోనునే తీసికొనుడు. ఫోను కెమెరాలలో పెక్కింటికి ద్వారము మారదు. కాని వెలుగును మీరు చెప్పినట్లు మార్చు వీలు కలదు. మీ అమ్మమ్మనో తాతనో తెల్లని గోడముందు నిలుపుడు. మొదట ఊరక ఒక చిత్రము తీయుడు. పిమ్మట తెరపై ముఖమున్న చోట వ్రేలితో తాకుడు. యంత్రము అచ్చటి వెలుగును కొలుచును. ప్రక్కన సూర్యుని బొమ్మ కనబడినచో దానిని మెల్లగా పైకి జరుపుడు. గోడ వెలవెలబోవును, బోనిండు. ముఖము తేటపడును. రెండు చిత్రములను నీడలో కూర్చుండి పోల్చి చూడుడు. ఆ నాటినుండి మీ చేతిలోని యంత్రము మీ మాట వినుచున్నట్లే.

ఆ బాలిక ఇప్పుడు ఉపాధ్యాయురాలగుటకు శిక్షణ పొందుచున్నది. కొంతకాలము క్రిందట ఆమె ఇంటికి పోయితిని. గోడమీద ఆ పటము కలదు. దానికి పూలమాల వేసియున్నది. నేను ఆమె తల్లిని వాకిట నీడలో కూర్చుండబెట్టి, చెంపవద్ద వెలుగు చూచి, ఒక చిత్రము తీసితిని. అక్కడనే తెరను చేతితో కప్పి ఇరువురకును చూపితిని. బాలిక చాలసేపు చూచి, "సార్, అమ్మ కండ్లు మంచిగ వచ్చినయ్" అనెను. ఆ మాట నాకు సంతోషమును కలిగించినది. నేను పోగొట్టినదానిని తిరిగి తెచ్చిన మాట మాత్రము కాదు. మీరట్టి లోటునకు పాలుపడకుందురుగాక యనియే ఈ నాలుగు మాటలు వ్రాసితిని. మీట నొక్కుటకు ముందు ఒక్క క్షణము ఆగుడు. వెలుగు గోడపై నున్నదా, ముఖముపై నున్నదా చూడుడు.